మెఫిస్టో వేషం కట్టిన మనిషి

గుస్టాఫ్ గ్రుండ్‌గెన్స్. ముందే చెప్తున్నా, ఈ పేరు సరిగ్గా పలకడం నాకింకా రాలేదు. జర్మన్ నేర్చుకుంటున్న మా రూమ్మేట్ నాలుగుసార్లు పలికించి, ఇక నీవల్ల కాదులే అని వదిలేశాడు. మన క్లబ్బు నాటకాల్లో నాకెప్పుడూ విలన్ వేషమే వస్తుంది కాబట్టి, గొప్ప విలన్ వేషాలు ఎవరు ఎలా వేశారో వెతుక్కోవడం నాకో అలవాటైపోయింది. అలా వెతుకుతుంటే దొరికినవాడు ఈయన. నటన గురించి తెలుసుకుందామని మొదలుపెట్టాను గానీ, చదివేకొద్దీ విషయం నటన దగ్గర ఆగలేదు.

టూకీగా కథ ఇదీ. ఆత్మ కోసం మనిషితో బేరమాడే సైతాను వేషంతో ఈయన పేరు మోగిపోయింది. దాదాపు రెండు నెలలకి హిట్లర్ గద్దెనెక్కాడు. స్నేహితులు చాలామంది దేశం విడిచి వెళ్ళిపోయారు, ఈయన ఉండిపోయాడు. నాజీ పెద్దల చేతుల మీదుగా బెర్లిన్‌లోని ప్రభుత్వ నాటకశాల పెత్తనం తీసుకున్నాడు. అదే పెత్తనం వాడి కొందరి ప్రాణాలు కాపాడాడు. ఒకప్పటి బావమరిది ఈయన్ని దృష్టిలో పెట్టుకుని నవల రాశాడు. ఆ నవల మీద కేసు జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళింది. సినిమా కథలా ఉంది కదా? సినిమా కూడా తీశారు, ఆస్కార్ కూడా వచ్చింది.

అసలు కథలోకి వెళ్ళేముందు జర్మనీ నాటకరంగం ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగినవేవీ అర్థం కావు. మనకి నాటకం అంటే పరిషత్తులు, పోటీలు, పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం రిహార్సల్ వేసుకునే సమాజాలు. అక్కడ చాలా ఊళ్ళలో నగరమో రాష్ట్రమో డబ్బిచ్చి నడిపే నాటకశాల ఉంటుంది. నటులు జీతం మీద పనిచేస్తారు. ఒకే నాటకాన్ని నెలల తరబడి ఆడకుండా, కొన్ని నాటకాలు తయారుగా ఉంచుకుని మార్చి మార్చి వేస్తారు. అన్నిటికీ పైన ఒక పెద్ద తలకాయ ఉంటాడు, ఆయన్ని ఇంటెండెంట్ అంటారు. ఏ నాటకం వెయ్యాలి, ఎవర్ని తీసుకోవాలి, ఎవరికి ఏ వేషం ఇవ్వాలి, అన్నీ ఆయన చేతిలోనే. ఒకరకంగా గవర్నమెంటు ఉద్యోగం లాంటిదే. నటుడికి ఇది చాలా సుఖం. ఇబ్బంది ఎక్కడంటే, జీతం ఇచ్చే ప్రభుత్వం మారితే నాటకశాల యజమాని కూడా మారిపోతాడు.

గ్రుండ్‌గెన్స్ 1899 డిసెంబర్ 22న డ్యూసెల్‌డోర్ఫ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి వెళ్ళి, అక్కడే సైనికుల కోసం నాటకాలాడే బృందంలో చేరాడు. యుద్ధం అయ్యాక సొంతూళ్ళోనే లూయిసె డూమాన్, గుస్టాఫ్ లిండెమాన్ అనే ఇద్దరు నడిపే శిక్షణాలయంలో చదివాడు. తర్వాత హాల్బర్‌స్టాట్, కీల్ లాంటి చిన్న ఊళ్ళు తిరిగి, 1923లో హాంబర్గ్ కామర్‌ష్పీలె అనే నాటకశాలకి చేరాడు. పేరు చివర వి అక్షరం తీసేసి ఎఫ్ పెట్టుకున్నది కూడా ఆ రోజుల్లోనే. జర్మన్‌లో రెండూ ఒకేలా పలుకుతారు, కాగితం మీద మాత్రం కొత్తగా కనిపిస్తుంది. న్యూమరాలజీ చూసి పేరులో ఇంకో అక్షరం తగిలించుకునే మన సినిమావాళ్ళు గుర్తొచ్చారు నాకు.

హాంబర్గ్‌లో ఆయన్ని తయారుచేసింది ఎరిష్ జీగెల్ అనే డైరెక్టర్. జీగెల్ గారి భార్య మిర్యమ్ హోర్విట్స్ కూడా నటి, యూదు కుటుంబం నుంచి వచ్చింది. అదే బృందంలో హాన్స్ ఒట్టో అని ఒక నటుడు ఉండేవాడు, కమ్యూనిస్టు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి. గ్రుండ్‌గెన్స్ అక్కడ వేషాలు వేస్తూనే డైరెక్షన్ కూడా మొదలుపెట్టాడు. 1925లో రచయిత థామస్ మన్ కొడుకు క్లౌస్ మన్ రాసిన నాటకం ఒకటి అక్కడ ఆడారు. అప్పటికి క్లౌస్‌కి ఇంకా పంతొమ్మిది నిండలేదు, అంటే మన సెకండియర్ వయసు. స్టేజీ మీద క్లౌస్, వాళ్ళక్క ఎరికా, మరో పెద్ద నాటకకర్త వేడెకిండ్ కూతురు పమేలా, వాళ్ళతో పాటు గ్రుండ్‌గెన్స్. జర్మనీ అంతా పేపర్లలో గొడవ గొడవ అయింది. మరుసటి ఏడు ఎరికాని గ్రుండ్‌గెన్స్ పెళ్ళి చేసుకున్నాడు. 1929లో విడాకులు. ఆయనకి మగవాళ్ళ మీద ఇష్టం ఉండేదని ఆ రోజుల్లోనే చాలామందికి తెలుసు. అప్పటి జర్మనీ చట్టంలో అది నేరం. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఎవరైనా పగబట్టి నోరు విప్పితే చాలు తన పని అయిపోతుందన్న భయంతోనే ఆయన తర్వాత పన్నెండేళ్ళూ బతకాల్సి వచ్చింది.

1928లో బెర్లిన్ వెళ్ళాడు. అప్పటికి యూరప్‌లోనే పేరున్న దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో చేరాడు. అక్కడ వచ్చినవి ఎక్కువగా సూటూ బూటూ వేసుకున్న మోసగాళ్ళు, తియ్యగా మాట్లాడి గొంతు కోసేవాళ్ళు. మరోపక్క ఆటో క్లెంపెరర్ నడిపే క్రోల్ ఒపేరాలో మోట్సార్ట్ ఒపేరాకి డైరెక్షన్ చేశాడు. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎమ్' సినిమాలో కనిపించాడు. ఫిల్మ్ క్లబ్బువాళ్ళకి ఈ సినిమా తెలిసే ఉంటుంది. పిల్లల్ని చంపే హంతకుడిగా పీటర్ లోర్ వేశాడు. ఆ హంతకుణ్ణి పట్టుకుని సొంతంగా కోర్టు పెట్టి విచారణ చేసే దొంగలముఠాకి నాయకుడు గ్రుండ్‌గెన్స్. తోలు కోటు, గుండ్రటి టోపీ, చేతిలో కర్ర, నల్లటి గ్లవ్స్. అరవడు, కొట్టడు. గదిలో అందరూ మాట్లాడుతుంటే ఊరికే నిలబడతాడు, మన కళ్ళు మాత్రం అటే పోతాయి. విలన్ వేషం వేసేవాళ్ళు గొంతు చించుకోనక్కర్లేదని నాకు అర్థమైంది ఆ సినిమాతోనే.

1932 డిసెంబర్ 2. బెర్లిన్ ప్రష్యా రాష్ట్ర నాటకశాలలో గోథే రాసిన 'ఫౌస్ట్' మొదటి భాగం. ఫౌస్ట్‌గా వెర్నర్ క్రౌస్, మెఫిస్టోగా గ్రుండ్‌గెన్స్.

ఫౌస్ట్ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఫౌస్ట్ మహాపండితుడు. అన్ని శాస్త్రాలూ చదివేసి, దేనివల్లా తృప్తి దొరక్క విసిగిపోయి ఉంటాడు. మెఫిస్టోఫిలిస్ అనే సైతాను వచ్చి, ఈ లోకంలో నీకేం కావాలంటే అది చేసిపెడతాను, ఆ తర్వాత నువ్వు నావాడివి అని ఒప్పందం పెడతాడు. నెత్తురుతో సంతకం. ఈ మెఫిస్టో మన పురాణాల్లో రాక్షసుడి లాంటివాడు కాదు. కోరలుండవు, గదలుండవు. తెలివి, వెటకారం, మర్యాద, అన్నీ ఉన్నవాడు. మనం వద్దనుకుంటూనే వాడి మాటలకి నవ్వుతాం. అలాంటి వేషానికి గ్రుండ్‌గెన్స్ పుట్టినట్టే కుదిరాడు. మనకి కృష్ణుడంటే ఎన్టీఆర్ ముఖం ఎలా కళ్ళముందు కదులుతుందో, జర్మన్లకి మెఫిస్టో అంటే ఇప్పటికీ ఈయన ముఖమే. 1933 జనవరిలో రెండో భాగం కూడా వేశారు. ఆ నెల 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు.

తర్వాత జరిగింది తలుచుకుంటే, మన సినిమా పోస్టర్ మీద ఉన్న పేర్లు ఒక్కొక్కటే చెరిగిపోయినట్టుంటుంది. రైన్‌హార్ట్ వెళ్ళిపోయాడు. క్లెంపెరర్ వెళ్ళిపోయాడు. 'ఎమ్' తీసిన లాంగ్, అందులో వేసిన లోర్ వెళ్ళిపోయారు. ఎరికా, క్లౌస్, వాళ్ళ నాన్న అందరూ వెళ్ళిపోయారు. వీళ్ళలో చాలామంది యూదులు, లేదా ఆ రక్తసంబంధం ఉన్నవాళ్ళు. వాళ్ళకి ఉండే అవకాశమే లేదు. గ్రుండ్‌గెన్స్‌కి అది ఉంది. నటుడికి పనిముట్టు భాషే కదా, ఇంకో దేశం వెళ్తే అది పోతుంది అని ఆయన పక్షాన కొందరు అంటారు. నిజమే, రచయిత ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని కూడా జర్మన్‌లో రాసుకోవచ్చు, నటుడు అక్కడ ఎవరికోసం మాట్లాడాలి? కానీ యూదుడు కాకపోయినా, భాషే బతుకైనా, వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఎర్న్‌స్ట్ బుష్ అనే కమ్యూనిస్టు గాయకుడు, నటుడు అలాగే వెళ్ళాడు. తర్వాత స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ తరఫున పోరాడేవాళ్ళ కోసం పాటలు పాడాడు. బుష్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

'గోబెల్స్ ప్రచారం' అని మన పేపర్లలో, రాజకీయ సభల్లో రోజూ వింటుంటాం. ఆ గోబెల్సే అప్పుడు ప్రచారమంత్రి, దేశంలో సినిమాలు, రేడియో, నాటకశాలలు చాలావరకు ఆయన చేతికిందే. కానీ ప్రష్యా రాష్ట్ర నాటకశాలలు మాత్రం ఆయనకి చిక్కలేదు, ఎందుకంటే ప్రష్యా ముఖ్యమంత్రి హెర్మాన్ గోరింగ్. ఈ ఇద్దరికీ పడదు. పైగా గోరింగ్ పెళ్ళి చేసుకోబోయే ఎమ్మీ సోనెమాన్ నటి, అదే నాటకశాలలో గ్రుండ్‌గెన్స్‌తో కలిసి వేసింది. గోరింగ్‌కి తన నాటకశాల గోబెల్స్ దగ్గరున్న వాటికన్నా గొప్పగా ఉండాలి. దానికి తగ్గ మనిషి కావాలి. 1934లో గ్రుండ్‌గెన్స్‌ని ఇంటెండెంట్‌గా కూర్చోబెట్టాడు. అప్పటికి ఈయనకి ముప్ఫై నాలుగేళ్ళు.

ఆ నాటకశాలని ఆయన ఎలా నడిపాడన్నది నాకు ఈ కథలో అన్నిటికన్నా చిక్కైన భాగం. నాజీ ప్రచార నాటకాల్ని వీలైనంత దూరం పెట్టి లెస్సింగ్, షిల్లర్, గోథే, షేక్స్‌పియర్ వేయించాడు. నాజీలకి నచ్చని యుర్గెన్ ఫేలింగ్ లాంటి మొండి దర్శకుణ్ణి పక్కన పెట్టుకున్నాడు. 1937లో ఫేలింగ్ 'మూడవ రిచర్డ్' వేశాడు. కుట్రలతో గద్దెనెక్కే ఆ రాజు స్టేజీ మీద కుంటుతూ నడుస్తుంటే, హాల్లో ఉన్నవాళ్ళకి గోబెల్స్ కుంటికాలు గుర్తొచ్చింది. అలాంటి నాటకం అప్పటి బెర్లిన్‌లో ఆడనిచ్చారంటే, వెనకాల గ్రుండ్‌గెన్స్, ఆయన వెనకాల గోరింగ్ ఉండబట్టే. తనని తయారుచేసిన జీగెల్‌ని, యూదురాలైన ఆయన భార్యని బెర్లిన్ రప్పించి తన నీడలో పెట్టుకున్నాడు. భార్యలు యూదులైన నటులు ఇంకా కొందరు ఆ నాటకశాలలోనే ఉద్యోగం చేసుకుంటూ బతికి బయటపడ్డారు.

హాన్స్ ఒట్టో మాత్రం బతకలేదు. ఆయన కూడా బెర్లిన్‌లో అదే నాటకశాలలో పనిచేసేవాడు. 1933లో ఉద్యోగం తీసేశారు. చాటుగా పార్టీ పని చేస్తుంటే నవంబర్‌లో పట్టుకెళ్ళి, చిత్రహింసలు పెట్టి, కిటికీలోంచి తోసేశారు. 33 ఏళ్ళకే పోయాడు. అది జరిగినప్పుడు గ్రుండ్‌గెన్స్ ఆ స్టేజీ మీదే వేషాలు వేస్తున్నాడు. తర్వాతి ఏడాది ఆ స్టేజీకి అధికారి అయ్యాడు.

1936లో ఆయన మెడకే చుట్టుకుంది. ఆ జనవరిలో హామ్లెట్ వేశాడు. నాజీ పార్టీ పత్రిక ఆయన మీద విరుచుకుపడింది, రాసింది హామ్లెట్ గురించే అయినా దెబ్బ ఆయన సొంత జీవితం మీద అని అందరికీ అర్థమైంది. భయపడి స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు. తలుపు తెరిచే ఉంది, అడుగు బయట పడింది కూడా. గోరింగ్ వెనక్కి పిలిచాడు. వచ్చేశాడు. వచ్చినందుకు ప్రష్యా రాష్ట్ర సలహాదారు బిరుదు ఇచ్చాడు గోరింగ్, దాంతో ఎవరూ ఆయన మీద చెయ్యి వెయ్యడానికి లేకుండా పోయింది. అదే ఏడు మరియాన్ హోప్పె అనే నటిని పెళ్ళి చేసుకున్నాడు. నన్నడిగితే 1933లో ఉండిపోవడం కన్నా 1936లో తిరిగి రావడమే పెద్ద విషయం. 1933లో ఎవరికీ ముందేం జరుగుతుందో పూర్తిగా తెలీదు అనొచ్చు. మూడేళ్ళ తర్వాత ఆ మాట చెల్లదు.

ఆ ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్‌లో, జర్మనీ నుంచి పారిపోయినవాళ్ళ పుస్తకాలు వేసే కెరిడో ప్రచురణ సంస్థ క్లౌస్ మన్ నవల 'మెఫిస్టో' వేసింది. అందులో హెండ్రిక్ హోఫ్‌గెన్ అనే నటుడు. హాంబర్గ్‌లో వామపక్షం మాటలు చెబుతూ, బెర్లిన్‌లో మెఫిస్టో వేషంతో పైకొచ్చి, నాజీ పెద్ద ఒకాయన చలవతో ఇంటెండెంట్ అవుతాడు. హాన్స్ ఒట్టోని పోలిన కమ్యూనిస్టు నటుడు కూడా అందులో ఉన్నాడు. ఎవరి గురించో జర్మన్లు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇది ఒక మనిషి బొమ్మ కాదు, ఒక రకం మనుషుల బొమ్మ అని క్లౌస్ మన్ చివరిదాకా అంటూనే ఉన్నాడు. ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు. అక్క మాజీ మొగుడు, ఒకప్పుడు తన నాటకం ఆడించినవాడు, తాను హోటల్ గదుల్లో దేశం లేకుండా తిరుగుతుంటే బెర్లిన్‌లో చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. ఆ కోపం పుస్తకం నిండా కనిపిస్తుంది. ఒక్క విషయం మాత్రం మెచ్చుకోవాలి: గ్రుండ్‌గెన్స్ మగవాళ్ళ ఇష్టాన్ని నవలలోకి తేలేదు, దానికి బదులు వేరే రహస్యాన్ని కల్పించి పెట్టాడు. క్లౌస్‌ది కూడా అదే ఇష్టం. ఆ సంగతి బయటపెడితే అవతలివాడి గతి ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

యుద్ధం వచ్చాక గ్రుండ్‌గెన్స్ మీద పట్టు ఇంకా బిగిసింది. 1941లో 'ఓమ్ క్రూగర్' అనే బ్రిటిష్ వ్యతిరేక ప్రచార సినిమాలో చాంబర్లిన్‌గా వేశాడు. బలవంతం మీద వేశాడని చెబుతారు. బలవంతమో కాదో, తెర మీద ఉన్నది ఆయనే. 1941-42లో ఫౌస్ట్‌ని ఈసారి తనే డైరెక్ట్ చేసి, మళ్ళీ మెఫిస్టో వేశాడు. 1943లో నాటకశాల వదిలి సైన్యంలోకి వెళ్ళాడు, మరుసటి ఏడు గోరింగ్ వెనక్కి రప్పించాడు. 1944 సెప్టెంబర్‌కి దేశంలో నాటకశాలలన్నీ మూసేశారు.

ఈ మధ్యలోనే బుష్ సంగతి. ఫ్రాన్స్‌లో నిర్బంధ శిబిరంలో ఉన్న బుష్‌ని పట్టుకుని నాజీలకి అప్పగించారు. రాజద్రోహం కేసు, ఉరి ఖాయం అనుకున్నారు. గ్రుండ్‌గెన్స్ లాయర్లని పెట్టించాడు. బుష్ పౌరసత్వాన్ని నాజీ ప్రభుత్వమే ఎప్పుడో రద్దు చేసింది కదా, పౌరుడు కానివాడు రాజద్రోహం ఎలా చేస్తాడు అన్నది వాదన. పని చేసింది. ఉరి తప్పి జైలుతో బయటపడ్డాడు. విమానదాడిలో జైలు మీద బాంబు పడి ముఖం ఒకవైపు చచ్చుబడింది, అయినా యుద్ధం అయ్యేదాకా బతికాడు. 1945లో సోవియట్ సైన్యం గ్రుండ్‌గెన్స్‌ని అరెస్టు చేసి తొమ్మిది నెలలు శిబిరంలో పెడితే, ఆయన తరఫున మాట్లాడినవాళ్ళలో ఈ బుష్ ముఖ్యుడు. దేశం విడిచి వెళ్ళినవాడు, ఉండిపోయినవాణ్ణి విడిపించాడన్నమాట.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ కథ చెప్పినప్పుడల్లా మా రూమ్‌లో రెండు పార్టీలైపోయాం. ఒకడు 'ప్రాణాలు కాపాడాడు కదా, ఇంకేం కావాలి' అంటాడు. ఇంకొకడు 'గోరింగ్ నాటకశాలకి దీపాలు వెలిగించాడు కదా' అంటాడు. లెక్క చూసినట్టు ఇటు ఇన్ని అటు ఇన్ని అని కొట్టేయడం నాకు కుదరడం లేదు. మిర్యమ్ హోర్విట్స్, బుష్ బతికి బట్టకట్టారు, అందులో సందేహమే లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి క్లౌస్ మన్ వాళ్ళని కాపాడలేడు. కానీ గ్రుండ్‌గెన్స్ చేతిలో ఉన్న ఆ శక్తి ఎవరిచ్చింది? వాళ్ళని చంపాలనుకున్న ప్రభుత్వమే. గోరింగ్ ఫోన్ ఎత్తినంతకాలమే ఈయన ఎవరినైనా కాపాడగలడు. గోరింగ్ ఫోన్ ఎత్తాలంటే ఈయన నాటకశాల మెరిసిపోవాలి. అక్కడ షిల్లర్ ఎంత బాగా ఆడితే, చూశారా మేం అనాగరికులం కాదు అని చెప్పుకోవడానికి నాజీలకి అంత బాగా పనికొచ్చింది. అందుకే క్లౌస్ మన్ నవల ఆ మనిషి విషయంలో అన్యాయంగానూ, ఆ కుర్చీ విషయంలో సరిగ్గానూ ఉందని నాకనిపిస్తుంది. హోఫ్‌గెన్ కన్నా గ్రుండ్‌గెన్స్ మంచివాడు. కుర్చీ మాత్రం అదే.

1946 మే 3న బెర్లిన్‌లో డాయిచెస్ థియేటర్ స్టేజీ మీద మళ్ళీ అడుగుపెట్టాడు. నాటకం ష్టెర్న్‌హైమ్ రాసిన 'స్నాబ్'. పైకి ఎదగడం కోసం కన్న తల్లిదండ్రుల్ని కూడా దూరం పెట్టే మనిషి కథ, హీరో ఇంటిపేరు మాస్కే, జర్మన్‌లో ముసుగు అని అర్థం. ఎవరు ఎంచుకున్నారో గానీ నాటకం భలే ఎంచుకున్నారు. ఈయన కనిపించగానే హాలు చప్పట్లతో ఊగిపోయింది. ఆ రోజుల్లో బెర్లిన్ వచ్చిన క్లౌస్ మన్ కూడా ఆ నాటకం చూశాడు. పదమూడేళ్ళ ప్రవాసం తర్వాత తన ఊరు ఎవరికి చప్పట్లు కొడుతోందో కళ్ళారా చూశాడు. 1949లో పశ్చిమ జర్మనీలో 'మెఫిస్టో' వెయ్యడానికి ఒప్పుకున్న ప్రచురణకర్త వెనక్కి తగ్గాడు. కారణం, గ్రుండ్‌గెన్స్ ఇక్కడ చాలా పెద్ద స్థానంలో ఉన్నాడు అని. ఆ మే నెలలోనే క్లౌస్ మన్ ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయాడు. నలభై రెండేళ్ళు.

గ్రుండ్‌గెన్స్ నిజంగానే పెద్ద స్థానంలో ఉన్నాడు. 1947 నుంచి డ్యూసెల్‌డోర్ఫ్‌లో, 1955 నుంచి హాంబర్గ్ డాయిచెస్ షౌష్పీల్‌హౌస్‌లో ఇంటెండెంట్. కళాకారుడిగా ఆయన బాగా పండింది ఈ హాంబర్గ్ ఏళ్ళలోనే అనిపిస్తుంది. 1959లో బ్రెష్ట్ నాటకం 'కబేళాల సెయింట్ జోన్' మొదటిసారి పూర్తిగా స్టేజీ మీద ఆడించాడు, జోన్‌గా బ్రెష్ట్ కూతురే వేసింది. దాని వెనక చిన్న కథ ఉంది. 1932లో ఈ నాటకం వేస్తానని గ్రుండ్‌గెన్స్ బ్రెష్ట్‌ని అడిగాడు. తర్వాత ఒకరు ప్రవాసం, ఒకరు గోరింగ్ కొలువు. 1949లో బ్రెష్ట్ నుంచి చిన్న ఉత్తరం: 1932లో అడిగారు కదా, నా జవాబు సరే అని. మధ్యలో పదిహేడేళ్ళు ఏమీ జరగనట్టు! బ్రెష్ట్ వెటకారం అలాంటిది. ఆ 'సరే' అందుకున్నాక కూడా నాటకం స్టేజీ ఎక్కడానికి ఇంకో పదేళ్ళు పట్టింది, అప్పటికి బ్రెష్ట్ లేడు.

1957లో ఫౌస్ట్ మళ్ళీ. ఈసారి ఫౌస్ట్‌గా విల్ క్వాడ్‌ఫ్లీగ్, సెట్ టేయో ఓటో. కోటలు, గుహలు, పొగ, అన్నీ తీసిపారేశారు. దాదాపు ఖాళీ చెక్కవేదిక. ఫౌస్ట్ చదువుల గదిలో పాత పుర్రెలకి బదులు అణువు నమూనా ఉంటుంది. మెఫిస్టోకి సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖం, పైకి లేచిన కనుబొమ్మలు, ఎర్రటి పెదాలు, తలకి అతుక్కున్న నల్లటి కుళ్ళాయి. దాదాపు అరవై ఏళ్ళ మనిషి పిల్లిలా కదులుతాడు. 1932 నాటి మెఫిస్టో ఎలా ఉండేదో మనం ఇప్పుడు ఫోటోల్లో ఊహించుకోవాల్సిందే గానీ, ఇది మాత్రం 1960లో సినిమాగా తీశారు కాబట్టి చూడొచ్చు. 1959లో ఈ నాటకాన్ని మాస్కో, లెనిన్‌గ్రాడ్ తీసుకెళ్ళారు. మాస్కోలో చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఫౌస్ట్‌ని రష్యన్‌లోకి అనువదించిన బోరిస్ పాస్టర్నాక్ కూడా ఉన్నాడు. అంతకు ముందు ఏడే నోబెల్ బహుమతి వద్దని చెప్పాల్సి వచ్చినవాడు. తన దేశం వదలకుండా, అధికారం ముందు ఎలా నిలబడాలో వేరే రకంగా తేల్చుకున్న మనిషి. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినాలని ఉంటుంది. 1961లో న్యూయార్క్‌లో కూడా ఆడారు.

1963లో హాంబర్గ్ పదవి వదిలేసి ప్రపంచయాత్రకి బయల్దేరాడు. అక్టోబర్ 7న మనీలాలో హోటల్ గదిలో చనిపోయాడు. నిద్రమాత్రలు ఎక్కువయ్యాయేమో, తేడాగా ఉంది, నన్ను పొద్దుపోయేదాకా పడుకోనివ్వండి అన్న అర్థం వచ్చే చీటీ ఒక కవరు మీద రాసిపెట్టాడు. కావాలని చేసుకున్నాడా, పొరపాటా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆయన పోయాక అసలు గొడవ మొదలైంది. మ్యూనిక్‌లోని ఒక ప్రచురణ సంస్థ 'మెఫిస్టో' వెయ్యబోతే, గ్రుండ్‌గెన్స్ దత్తపుత్రుడు, ఫౌస్ట్ సినిమాకి దర్శకుడు కూడా అయిన పీటర్ గోర్‌స్కి కేసు వేశాడు. కళకి స్వేచ్ఛ ఉందని జర్మనీ రాజ్యాంగంలో స్పష్టంగా రాసుంది. మనిషి గౌరవానికి భంగం కలగకూడదని కూడా అందులోనే ఉంది, చనిపోయినవాడికి కూడా ఆ గౌరవం ఉంటుందా అన్నది ప్రశ్న. 1966లో హాంబర్గ్ పై కోర్టు నవలని ఆపేసింది. 1971 ఫిబ్రవరి 24న రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జీలు ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. సమానంగా చీలిపోవడంతో కింది కోర్టు తీర్పే నిలిచింది, నిషేధం ఉండిపోయింది. ఆరుగురు జడ్జీలు కూడా సగం సగం అయ్యారంటే మా రూమ్‌లో తేలకపోవడంలో వింతేముంది!

పదేళ్ళ తర్వాత, 1981లో, రోవోల్ట్ సంస్థ కోర్టు మాట పట్టించుకోకుండా నవలని వేసేసింది. ఎవరూ కేసు వెయ్యలేదు. జనం ఎగబడి కొన్నారు. అదే ఏడు హంగేరీ దర్శకుడు ఇస్త్వాన్ సాబో 'మెఫిస్టో' సినిమా తీశాడు, హోఫ్‌గెన్‌గా క్లౌస్ మరియా బ్రాండౌర్. ఉత్తమ విదేశీ చిత్రం ఆస్కార్ దానికే వచ్చింది. సాబో కూడా 1956 తర్వాత తన దేశపు రహస్య పోలీసులకి సమాచారం ఇచ్చేవాడని 2006లో బయటపడింది. ఈ సంగతి తెలిశాక ఆ సినిమాని నేను మొదటిసారి చూసినట్టు చూడలేకపోతున్నాను.

చూడాలనుకుంటే ముందు 'ఎమ్' చూడండి, ఆ తర్వాత 1960 నాటి 'ఫౌస్ట్', చివర్న సాబో సినిమా. ఈ వరస మార్చకండి, మారిస్తే బ్రాండౌర్ ముఖమే గ్రుండ్‌గెన్స్ ముఖం అనుకునే ప్రమాదం ఉంది. ఫౌస్ట్ దాదాపు మొత్తం గోథే పద్యాల్లోనే నడుస్తుంది, సబ్‌టైటిల్స్ ఉన్న కాపీ పట్టుకోండి. భాష తెలియకపోయినా ఆయన చేతులు చూస్తూ కూర్చోవచ్చు, నేనలాగే రెండుసార్లు చూశాను.